శేషాచలం అంచుల్లో అటవీ భూమి పునరుద్ధరణ: పని వరుస
తిరుపతి ప్రాంతపు రిజర్వు అడవిలో పునరుద్ధరణ తలపెట్టినవారు ముందుగా అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్‌లో (అడవి నిర్వహణ ప్రణాళికలో) ఆ బ్లాకుకు ఏం నిర్దేశించారో చూసి, 2006 అటవీ హక్కుల చట్టం కింద అక్కడ ఎవరికైనా హక్కులున్నాయేమో గ్రామసభలో తేల్చుకోవాలి.

మొక్కలు నాటడానికి తొందరపడకూడదు. ఎర్రచందనం మొద్దు పక్కన మోకాలెత్తు పిలకలు కనిపిస్తే, అటవీ సిబ్బంది సమక్షంలో బలమైన ఒకటి రెండింటిని ఉంచి మిగతావి తీసేసి, పశువులు మేయకుండా కాపాడాలి. కొత్త మొక్కకు లేని లోతైన వేరు వాటికి ముందే ఉంది. లాంటానా అనే కలుపు పొదను వేళ్లతో సహా పెకలించాలి, పైపైన కొడితే మళ్లీ చిగురిస్తుంది. వాలుల మీద కాంటూరు కందకాలు (వాన నీటిని ఆపేందుకు వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో తవ్వేవి) ఈశాన్య రుతుపవనాలకు ముందే, ఫైర్ లైన్లు (మంట పాకకుండా ఎండు గడ్డి, ఆకులు తీసేసిన పట్టీలు) ఎండలు ముదరకముందే పూర్తి కావాలి. తొలి సంవత్సరాల కాపలా కూలీని అంచనాలోనే చేర్చాలి. నా దృష్టిలో తగ్గించకూడని ఖర్చు అదే.