ఆపుకోవద్దు, ఊరికే వెళ్లొద్దు: ఆడవాళ్ల మూత్రసంచికి మంచి అలవాట్లు

బస్సెక్కే ముందు "ఓసారి బాత్రూమ్‌కి వెళ్లి రా" అనే మాట వినని ఇల్లు ఉండదు. బస్సెక్కాక ఊరు చేరేదాకా బిగబట్టుకుని కూర్చోవడం, అందుకోసం పొద్దుటి నుంచి నీళ్లు మానేయడం కూడా మామూలే. చాలామంది ఆడవాళ్లలో యూరిన్ సమస్యలను పెంచేవి ఈ రెండు అలవాట్లే: అవసరం లేకుండా వెళ్లడం, అవసరమైనా ఆపుకోవడం.

పెద్దవాళ్ల మూత్రసంచి సుమారు 400–500 మి.లీ. పడుతుంది. 150–200 మి.లీ. చేరగానే మొదటి కబురు పంపుతుంది. అది "నిండుతున్నాను" అని చెప్పడమే తప్ప "పరుగెత్తు" అనడం కాదు. ఆ కబురుకే ప్రతిసారీ లేచి వెళ్తుంటే సంచి కొద్దిపాటికే గోల చేయడం నేర్చుకుంటుంది. రోజు మొత్తంలో 6–8 సార్లు, అంటే పగలు 2–3 గంటలకోసారి, రాత్రి ఒకసారి వెళ్లడం మామూలు లెక్క.

మొదట మీ లెక్క తెలుసుకోండి. ఒక పాత ప్లాస్టిక్ మగ్గు తీసుకోండి. మి.లీ. గీతలున్న పాలసీసాతో 100 చొప్పున నీళ్లు పోస్తూ మగ్గు బయట పర్మనెంట్ మార్కర్‌తో గీతలు పెట్టండి. మూడు రోజులు, వరుసగా కాకపోయినా ఫర్వాలేదు, ఐదు విషయాలు రాయండి: ఏం తాగారు, ఎంత తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎంత వచ్చింది, చుక్కలు పడితే ఆ క్షణంలో ఏం చేస్తున్నారు. వాటిలో ఒకటి సెలవు రోజైతే మంచిది, పనిరోజుకీ దానికీ తేడా కళ్లకు కడుతుంది.

ప్రతిసారీ 250–400 వస్తుంటే బాగున్నట్టే. రోజుకు 12 సార్లు వెళ్లి, ప్రతిసారీ 100 కూడా రాకపోతే సంచికి శిక్షణ కావాలి, ముందు ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకున్నాకే. రోజు మొత్తం 3 లీటర్లు దాటుతుంటే నీళ్లు మరీ ఎక్కువైనా తాగుతున్నారు, లేదా షుగర్ పరీక్ష చేయించుకోవాల్సిన అవసరమైనా ఉంది. రాత్రి వాటా ఎక్కువగా ఉండి, సాయంత్రానికి కాళ్లు వాస్తుంటే, సాయంత్రం గంటసేపు కాళ్లు ఎత్తులో పెట్టి పడుకుంటే పడక మీద లేచే సార్లు తగ్గుతాయి. బీపీకి నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని ఏ వేళ వేసుకోవాలో డాక్టర్‌ని అడగాలి.

ఇక శిక్షణ. గంటకోసారి వెళ్తున్నవాళ్లు మొదటి వారం గంటంపావుకి వెళ్లాలి. అది అలవాటయ్యాక వారానికో 15 నిమిషాలు పెంచుతూ 3 గంటల దాకా రావాలి. 6 నుంచి 12 వారాలు పడుతుంది. మధ్యలో తట్టుకోలేనంతగా వస్తే ఏం చేయాలన్నదే అసలు విద్య. ఇంటి గుమ్మం ముందు తాళం తీస్తుండగానో, సింకులో నీళ్ల చప్పుడు వినగానో ఒక్కసారిగా ముంచుకొస్తుంది చూడండి, అప్పుడు పరుగెత్తకూడదు. పరుగులో పొట్ట ఒత్తిడి సంచి మీద పడుతుంది. ఉన్నచోటే నిలబడండి, వీలైతే కుర్చీ అంచున కూర్చోండి. కింది కండరాలను ఐదారుసార్లు గబగబా బిగించి వదలండి. నిదానంగా ఊపిరి తీస్తూ 100 నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టండి. కాసేపటికి ఆ తాకిడి అల వచ్చినట్టే వచ్చి వెనక్కి పోతుంది. అది తగ్గాకే నెమ్మదిగా నడిచి వెళ్లండి.

ఆ కింది కండరాలంటే ఏవి? అపానవాయువు బయటికి రాకుండా ఆపినప్పుడు లోపలికి, పైకి లాగినట్టు ఉండేవి. 1948లో అమెరికా గైనకాలజిస్ట్ ఆర్నాల్డ్ కీగెల్ వీటి వ్యాయామం గురించి రాశాడు, ఆయన పేరే స్థిరపడింది. మొదట వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి చేయండి. 3 సెకన్లు బిగించి 3 సెకన్లు వదలడం, ఇలా 8–10 సార్లు, రోజుకు 3 పూటలు. వారాల మీద 10 సెకన్లకు పెంచి, తర్వాత కూర్చుని, ఆపైన నిలబడి చేయాలి. తేడా తెలియడానికి కనీసం 3 నెలలు పడుతుంది. రెండు వారాలకే "పనిచేయలేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ.

తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. పొట్ట, పిరుదులు, తొడలు బిగించేస్తారు, ఊపిరి బిగబడతారు, పైకి లాగడానికి బదులు కిందికి ముక్కుతారు. యోనికీ మలద్వారానికీ మధ్య వేలు పెట్టి చూడండి: అక్కడ లోపలికి పోవాలి, బయటికి ఉబ్బితే తప్పు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం వ్యాయామంగా చేయొద్దు, సంచి పూర్తిగా ఖాళీ కాదు. కలయికలో నొప్పి ఉన్నవాళ్లకు, ధార మొదలవ్వడానికి ఇబ్బందిపడేవాళ్లకు ఈ కండరాలు ముందే బిగుసుకుపోయి ఉండవచ్చు. వాళ్లు సొంతంగా మొదలుపెట్టక ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకోవాలి.

కాన్పుల తర్వాత తుమ్మితే, దగ్గితే చుక్కలు పడేవాళ్లకు ఒక చిన్న కిటుకు ఉంది. తుమ్ము వస్తున్నట్టు తెలిసిన క్షణంలోనే బిగించి, తుమ్మాక వదలడం. నీళ్ల బిందె ఎత్తేముందు, గ్యాస్ సిలిండర్ జరిపేముందు కూడా ఇంతే. "పిల్లలు పుట్టాక మామూలేలే" అని ఊరుకోవడం తగదు. ఎక్కువమందిలో ఉన్నంత మాత్రాన సరిదిద్దలేనిదైపోదు. బరువు ఎక్కువుంటే కాస్త తగ్గినా లీకులు తగ్గుతాయి. మలబద్ధకం కూడా చూసుకోండి: నిండిన పేగు సంచిని నొక్కుతుంది.

కూర్చునే తీరుకీ ప్రాధాన్యం ఉంది. బయటి టాయిలెట్లలో కమోడ్‌కి తగలకుండా సగం వంగి నిలబడితే కింది కండరాలు వదులవ్వవు, మూత్రం మిగిలిపోతుంది. సీటు తుడుచుకుని పూర్తిగా కూర్చోండి. నేల టాయిలెట్ అయితే పూర్తిగా గొంతుక్కూర్చుంటే సరి. ముక్కొద్దు. అయిపోయాక ఓ నిమిషం ఆగి, కాస్త ముందుకు వంగి మళ్లీ ప్రయత్నించండి. కడుక్కునేటప్పుడు చేయి, నీళ్లు ముందునుంచి వెనక్కి పోవాలి. ఆడవాళ్ల మూత్రనాళం సుమారు 4 సెం.మీ. మాత్రమే; పేగులో ఉండే ఈ.కోలి అనే బ్యాక్టీరియాకు అదేమంత దూరం కాదు. యోని లోపల సబ్బు, యాంటీసెప్టిక్ వద్దు, అక్కడి మేలుచేసే బ్యాక్టీరియా పోతుంది. ప్యాడ్ 4–6 గంటలకు మార్చండి.

రోజుకు లీటరున్నర నుంచి 2 లీటర్ల దాకా నీళ్లు చాలు, మండుటెండలో పనిచేసేవాళ్లకు ఇంకా ఎక్కువ. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్ చెప్పినంతే. తక్కువ తాగే అలవాటుండి, ఇన్ఫెక్షన్లు మళ్లీమళ్లీ వచ్చే మహిళలు అదనంగా లీటరున్నర తాగితే అవి బాగా తగ్గాయని 2018లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. టీ, కాఫీలు ఐదారు కప్పులు తాగేవాళ్లు రెండుకు దించండి, కాకపోతే రెండు మూడు రోజులకో కప్పు చొప్పున. ఒక్కసారే మానేస్తే తలనొప్పి వస్తుంది.

మూత్రంలో మంట రాగానే మనకు వచ్చే మొదటి మాట "వేడి చేసింది". బార్లీ నీళ్లు, మజ్జిగ, సబ్జా తాగితే మూత్రం పలచబడి మంట తగ్గొచ్చు, తాగడంలో తప్పు లేదు. మందులషాపులో ఇచ్చే మంట సిరప్ కూడా అంతే, లోపలి బ్యాక్టీరియాను చంపదు. మంటతోపాటు చుక్కలు చుక్కలుగా రావడం, పొత్తికడుపు నొప్పి ఉంటే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వండి. కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన డబ్బాలో పట్టండి. లోపలివైపు వేలు తగలనివ్వకండి. 2 గంటల్లో ల్యాబ్‌కి చేర్చాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. మొదటి ధార పడితే చర్మం మీది బ్యాక్టీరియా కలిసి రిపోర్ట్ పనికిరాకుండా పోతుంది. పెద్దవయసు వాళ్లలో బాధ ఏమీ లేకుండా కల్చర్‌లో (ల్యాబ్‌లో మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో) బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన సాధారణంగా మందు అవసరం లేదు. గర్భిణులకు మాత్రం అవసరం.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మూత్రం అసలు రాకపోవడం ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. మూత్రంలో రక్తం కనబడితే, నొప్పి లేకపోయినా వాయిదా వేయొద్దు. 6 నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు ఇన్ఫెక్షన్ వస్తే కారణం వెతకాలి. నెలసరి ఆగినవాళ్లలో, చిన్నవయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలూ తీయించుకున్నవాళ్లలో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గి అక్కడి పొర పొడిబారుతుంది. యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ వాళ్లకు పనికొస్తుందేమో గైనకాలజిస్ట్‌ని అడగాలి.

3 నెలల తర్వాత అదే మగ్గుతో మళ్లీ మూడు రోజులు రాయండి. అంకెలు మారకపోయినా, కింద ఏదో జారినట్టు అనిపించినా రెండు నోట్సులూ తీసుకుని గైనకాలజిస్ట్ దగ్గరికో, యూరాలజిస్ట్ దగ్గరికో వెళ్లండి. "ఎక్కువసార్లు వస్తోంది డాక్టర్" అనే మాట కంటే ఆ కాగితాలు చూస్తే వాళ్లకు త్వరగా తెలుస్తుంది.