విట్రోనెక్టిన్ పూత: ఐపీఎస్ కణాలకు ప్లేటు ఎలా సిద్ధం చేయాలి

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను ముందు కణాలు పెంచడం నేర్పను, ప్లేటుకు పూత వేయడం నేర్పుతాను. ఐపీఎస్ కణాలు, అంటే చర్మం వంటి మామూలు కణాలను వెనక్కి తిప్పి తయారు చేసిన మూలకణాలు, ఉత్త ప్లాస్టిక్ మీద నిలబడవు. ఒంట్లో కణాల చుట్టూ ప్రొటీన్ల అల్లిక ఒకటి ఉంటుంది. దాన్నే ఎక్స్‌ట్రాసెల్యులర్ మ్యాట్రిక్స్ అంటాం. కణం దాన్ని పట్టుకునే బతుకుతుంది. డిష్‌లో ఆ పట్టు మనమే ఇవ్వాలి. కష్టమేమిటంటే ఈ పూత కంటికి కనపడదు. సరిగ్గా పడిందో లేదో మర్నాడు కణాలను చూస్తే గానీ తెలియదు, అప్పటికే చేయిదాటిపోతుంది. అందుకే ప్రతిసారీ ఒకే తీరుగా చేయమని అంత పట్టుబడతాను.

హైదరాబాద్‌లో నేను ఈ పని నేర్చుకున్నప్పుడు పూతకు మాట్రిజెల్ వాడేవాళ్లం. అది ఎలుకకు వచ్చే ఒక రకం ట్యూమర్ నుంచి తీసింది. గది వేడికే గడ్డకట్టేస్తుంది కాబట్టి టిప్పులు కూడా చల్లబరిచి, ఐస్ మీద గబగబా పని ముగించాలి. పైగా లాట్ (ఒక విడత తయారీ) మారితే కణాల తీరు మారేది. విట్రోనెక్టిన్‌తో ఆ బెడద లేదు. ఇది మన రక్తంలోనూ ఉండే మనిషి ప్రొటీన్, గాజుకు అతుక్కునే గుణాన్ని బట్టే ఆ పేరు పెట్టారు. లాటిన్‌లో విట్రమ్ అంటే గాజు. 2011లో మూలకణాల శాస్త్రవేత్త జేమ్స్ థామ్సన్ బృందం ఎనిమిదే దినుసులున్న ఈ8 మీడియంను (కణాలను పెంచే పోషక ద్రవాన్ని), దానికి జోడీగా ఈ ప్రొటీన్‌ను కొంత కత్తిరించిన రూపాన్ని వాడి చూపించింది. ఆ రూపమే వీటీఎన్-ఎన్. దాని జన్యువును బాక్టీరియాలో పెట్టి తయారు చేస్తారు. కణం మీదుండే ఇంటెగ్రిన్లు అనే ప్రొటీన్లు పట్టుకునే ఆర్జీడీ అనే చిన్న ముక్క అందులో భద్రంగా ఉంటుంది, మనకు కావలసింది అదే.

నేను చెప్పే కొలతలు మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాముల స్టాక్‌గా (పలచన చేయని గాఢ ద్రావణంగా) వచ్చే వీటీఎన్-ఎన్‌కు. వేరే తయారీది కొంటే దాంతో వచ్చిన కాగితం ముందు చదవండి. కొన్నింటికి గాఢత ఎక్కువ కావాలి, కొన్నింటికి టిష్యూ కల్చర్ ట్రీట్‌మెంట్ (కణాలు అంటుకునేలా ప్లాస్టిక్‌కు చేసే శుద్ధి) లేని ప్లేటే వాడాలి.

సీసా రాగానే డ్రై ఐస్ మిగిలి ఉందా అని చూసి, తేదీ, లాట్ నంబరు రాసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. ఆలికోట్లు (చిన్న ట్యూబుల్లోకి వాటాలు) చేసే రోజున గది ఉష్ణోగ్రతలోనే కరగనివ్వండి. వర్టెక్స్ (యంత్రంతో గట్టిగా కుదపడం) చేయకూడదు, పిపెట్‌తో నెమ్మదిగా రెండుసార్లు కలిపితే చాలు. నేను ట్యూబ్‌కు 60 మైక్రోలీటర్ల చొప్పున పోస్తాను. ఒక 6 వెల్ (గుంట) ప్లేటుకు సరిగ్గా అంతే పడుతుంది కాబట్టి ఏదీ మిగలదు, మళ్లీ గడ్డకట్టించే అవసరం రాదు. కరిగించడం, గడ్డకట్టించడం పదేపదే జరిగితే ప్రొటీన్ పాడవుతుంది.

లెక్క ఎప్పుడూ వైశాల్యాన్ని బట్టే వేయండి. చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాము కావాలి. 6 వెల్ ప్లేటులో ఒక్కో వెల్ సుమారు 10 చదరపు సెంటీమీటర్లు, అంటే 5 మైక్రోగ్రాములు. స్టాక్‌ను 100 వంతులకు పలచన చేస్తే మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములవుతుంది. వెల్‌కు 1 మిల్లీలీటరు పోస్తే సరిపోయింది. 12 వెల్ ప్లేటుకు 0.4, 24 వెల్ ప్లేటుకు 0.2 మిల్లీలీటర్లు చాలు. 60 మైక్రోలీటర్ల ఆలికోట్‌ను 6 మిల్లీలీటర్ల డీపీబీఎస్‌లో (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణంలో) కలిపి, అడుగంతా తడిసేలా ప్లేటును నాలుగు వైపులా వంచండి. 1 మిల్లీలీటరు ఆ అడుగును అంతంతమాత్రంగానే కప్పుతుంది. ఒక మూల తడవకపోతే ఆ మూల కణాలు ఉండవు.

డీపీబీఎస్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. విట్రోనెక్టిన్‌కు కాల్షియం, మెగ్నీషియం లేనిది వాడాలి. పూతకు వాడే మరో ప్రొటీన్ లామినిన్-521కి మాత్రం ఆ రెండూ ఉన్నదే కావాలి. రెండు సీసాలూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఒకసారి లామినిన్‌ను పొరపాటున కాల్షియం లేనిదాంతో కలిపాను. మర్నాడు పొద్దున్నే మైక్రోస్కోప్ కింద చూస్తే కణాలు అంచుల నుంచి చాపలా లేచి, చుట్టుకుపోయి ఉన్నాయి. ఒక రోగి ఇచ్చిన చర్మం ముక్క నుంచి ఆరు నెలలు కష్టపడి తయారు చేసుకున్న కణాల లైను (ఒకే మూలం నుంచి పెంచుతూ వచ్చే కణాలు) అది. నైట్రోజన్ ట్యాంకులో ఇంకో వయల్ ఉండబట్టి నిలబడ్డాం. అప్పటి నుంచి కాల్షియం ఉన్న ప్రతి సీసాకూ మెడ చుట్టూ ఎర్ర టేపు వేస్తున్నాను. మీరూ వేయండి.

పూత పోశాక గది ఉష్ణోగ్రతలో 1 గంట ఉంచండి. గది ఉష్ణోగ్రత అంటే ఏసీ నడుస్తున్న గది అని నా ఉద్దేశం. మే నెల ఆదివారం మధ్యాహ్నం ఏసీ ఆపిన గదిలో మూత వదులుగా పెట్టి వదిలేస్తే అంచులు ఆరిపోతాయి. ఆరిన చోట పూత నమ్మదగింది కాదు, ఆ వెల్‌ను వదిలేయడమే మేలు. వెంటనే వాడకపోతే పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టండి, వారం వరకు ఆగుతుంది. తీశాక గది ఉష్ణోగ్రతకు రానిచ్చి, ద్రవాన్ని లాగేసి, కడగకుండా నేరుగా మీడియంతో కణాలు వేసేయవచ్చు. లాగేటప్పుడు టిప్పు అడుగును గీకకూడదు. అన్ని వెల్‌లూ ఒకేసారి ఖాళీ చేయకుండా, ఒకటి ఖాళీ చేసి మీడియం పోసి అప్పుడు రెండోదానికి వెళ్లండి.

కొత్త లాట్ వచ్చిందంటే నేరుగా ప్రయోగంలో పెట్టకండి. ట్రీట్‌మెంట్ లేని ప్లేటు ఒకటి తీసుకుని ఒక వెల్‌కు పాత లాట్, ఒకదానికి కొత్త లాట్, ఒకదానికి ఉత్త డీపీబీఎస్ పోసి, మూడింట్లోనూ ఒకే లెక్కన కణాలు వేయండి. 24 గంటల తర్వాత మూడోదాంట్లో కణాలు తేలుతూ ఉండాలి, మొదటి రెండూ ఒకదానికొకటి దీటుగా కనబడాలి. మూడోదాంట్లో కూడా అంటుకున్నాయంటే మీరు చూస్తున్నది పూత పని కాదు, ప్లాస్టిక్ పని. ‘అక్కా, దీనికి కూడా ఒక రోజు పోతుంది కదా’ అని మా ల్యాబ్ పిల్లలు అంటుంటారు. పోతుంది. పూత పట్టక నెల రోజుల డిఫరెన్షియేషన్ (ఐపీఎస్ కణాలను వేరే రకం కణాలుగా మార్చే పని) మొత్తం పారబోసిన రోజు కూడా నాకు గుర్తుంది, అందుకే ఈ ఒక్క రోజు వదులుకోను.

ఇక పాసేజ్ చేసేటప్పుడు, అంటే పెరిగిన కణాలను లేపి కొత్త ప్లేటుకు మార్చేటప్పుడు, ఒక మాట. మాట్రిజెల్ అలవాటున్న చేయి ఇక్కడ ఆలస్యం చేస్తుంది. ఇంటెగ్రిన్ల పట్టు కాల్షియం, మెగ్నీషియంల మీదే ఆధారపడుతుంది కాబట్టి 0.5 మిల్లీమోలార్ ఈడీటీఏ అనే రసాయనం వాటిని లాక్కోగానే కణాలు వదిలేస్తాయి, విట్రోనెక్టిన్ మీద ఇంకా త్వరగా వదిలేస్తాయి. కాల్షియం లేని డీపీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, ఈడీటీఏ పోసి, 3వ నిమిషం నుంచే మైక్రోస్కోప్ కింద చూస్తూ ఉండండి. కాలనీ లోపల కణాల మధ్య సన్నని ఖాళీలు కనబడి, కాలనీ ఇంకా అడుగునే అంటుకుని ఉన్నప్పుడు ఈడీటీఏ లాగేసి, మీడియం కొట్టి ముక్కలుగా లేపండి. ఎక్కువసేపు ఉంచితే కణాలు ఈడీటీఏలోనే లేచిపోయి దాంతోపాటు బయటికి పోతాయి, లేదా విడివిడి కణాలుగా చెదిరిపోతాయి. అలా చెదిరితే ఆ ఒక్క రోజుకు మీడియంలో విడి కణాలు చావకుండా కాపాడే వై-27632ను 10 మైక్రోమోలార్ కలిపి, మర్నాడు తీసేయండి.