వైరస్ లేని ట్యూబ్‌లోనూ సిగ్నల్ వస్తుంటే

బెంగళూరులోని మా ల్యాబ్‌లో యాంటీబాడీ పూసిన మాగ్నెటిక్ బీడ్స్‌తో (అయస్కాంతానికి అంటుకునే చిన్న పూసలు) వైరస్ కణాలను పట్టుకుంటాం. అవి ఉన్నాయని వెలుగుతో చూపించేది మరో యాంటీబాడీ, అదే గుర్తించే యాంటీబాడీ. పోల్చి చూడటానికి పెట్టే వైరస్ లేని ట్యూబ్ (కంట్రోల్) కూడా వెలుగుతుంటే అందరికీ టెన్షన్. కొత్త యాంటీబాడీ కొందామన్నారు. నా అనుమానం మాత్రం బీడ్స్ మీదే. ఏ పూతా లేని బీడ్స్‌కు గుర్తించే యాంటీబాడీ ఒక్కటే కలిపి చూశాను. అదే సిగ్నల్! అంటే ఆ యాంటీబాడీ నేరుగా బీడ్‌కే అంటుకుంటోంది.

బీడ్స్‌ను 1 శాతం బీఎస్‌ఏలో (బీడ్ మీది ఖాళీ చోట్లను కప్పేసే ప్రోటీన్) గంటసేపు తిప్పుతూ ఉంచి, వాటిని కడిగే వాష్ బఫర్‌లో 0.05 శాతం ట్వీన్-20 అనే తేలికపాటి డిటర్జెంట్ కలిపాను. "ట్రైటాన్ డిటర్జెంట్ మాత్రం వద్దు తమ్ముడూ, వైరస్ పొర చీలిపోతుంది" అని నెల్లూరు నుంచి వచ్చిన సీనియర్ అక్క ముందే హెచ్చరించింది. చివరి వాష్‌కి తప్పకుండా కొత్త ట్యూబ్‌లోకి మార్చండి, పాత ట్యూబ్ గోడలకూ యాంటీబాడీ అంటుకుని ఉంటుంది. ఇప్పుడు కంట్రోల్‌లో సిగ్నల్ దాదాపు లేదు. పాత యాంటీబాడీతోనే పని నడుస్తోంది.