బండి కదలకముందే ఫోన్ నోరు కట్టేయండి

గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. మెసేజ్ కోసం నాలుగు సెకన్లు తల దించితే, ముందు ఏముందో చూడకుండానే బండి 100 మీటర్లు వెళ్లిపోతుంది. బ్రేక్ మీదికి కాలు వెళ్లేది ఆ తర్వాతే.

చట్టాల్లో అసలు మాట ‘చేతిలో పట్టుకోవడం’. రోడ్డు నియమాలపై దేశాలు కుదుర్చుకున్న వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందానికి 2006లో అమల్లోకి వచ్చిన సవరణ, కదిలే బండిలో డ్రైవరు ఫోన్ చేతపట్టి వాడకుండా సభ్య దేశాలు నిషేధించాలంటుంది. వివరాల దగ్గరే తేడాలు. భారత్‌లో 2019 సవరణతో ఇది మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌లో చేరింది. దారి చూసుకోవడానికి మాత్రం, ఏకాగ్రత చెదరకుండా వాడొచ్చని 2020లో నిబంధన వచ్చింది. బ్రిటన్‌లో 2022 మార్చి నుంచి ఫోన్ పట్టుకుని ఫొటో తీసినా, పాట మార్చినా నేరమే. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా అంతే.

కాబట్టి మీరు నడిపే చోట మూడు సంగతులు కనుక్కోండి. ఎర్ర దీపం దగ్గర ఆగినా నడుపుతున్నట్టే లెక్కా? స్టాండులో ఉన్న ఫోన్‌ను తాకొచ్చా? కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకు వేరే నిషేధం ఉందా? కొన్నిచోట్ల వాళ్లు హ్యాండ్స్ ఫ్రీ కూడా వాడకూడదు.

ఇక ఫోన్ సంగతి. నడిపేటప్పుడు మెసేజ్‌ల చప్పుడు ఆపే ‘డ్రైవింగ్’ మోడ్ అందులోనే ఉంటుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫోకస్ తెరిచి, డ్రైవింగ్ ఎంచుకోండి. ఆండ్రాయిడ్‌లో ఇది ‘మోడ్స్’లోనో ‘డు నాట్ డిస్టర్బ్’లోనో ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. దొరక్కపోతే సెట్టింగ్స్‌లో ‘డ్రైవింగ్’ అని వెతకండి. చాలామంది పొరబడేది దాన్ని ఎప్పుడు ఆన్ చేయాలన్న దగ్గర. కదలికను బట్టి ఆన్ అయ్యేలా పెడితే, బస్సులో కూర్చున్నా ఆన్ అవుతుంది. రెండు రోజులకే విసుగొచ్చి మొత్తానికే తీసేస్తారు. కారు బ్లూటూత్‌కు కలిసినప్పుడే ఆన్ అయ్యేలా పెట్టండి, ఆ బెడద ఉండదు. ‘బండి నడుపుతున్నాను, ఆగాక మాట్లాడతాను’ అని ఆటో రిప్లై రాసి పెట్టండి. జవాబు రాలేదని అవతలివాళ్లు వరసగా మెసేజ్‌లు పెట్టకుండా ఇది బాగా ఆపుతుంది. చేతికి స్మార్ట్ వాచ్ ఉంటే దాని వైబ్రేషన్ కూడా ఆపండి. ఫోన్‌ను నిశ్శబ్దం చేసి దీన్ని మరిచిపోయేవాళ్లు ఎక్కువ.

స్టాండును ఎయిర్ బ్యాగ్ తెరుచుకునే చోటుకూ, ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించే భాగానికీ అడ్డం రాకుండా బిగించండి. వెళ్లాల్సిన చిరునామాను ఇంజిన్ స్టార్ట్ చేయకముందే మ్యాప్‌లో టైప్ చేసేయండి. నోటితో చెప్పి మెసేజ్ పంపడం కూడా మంచి ఉపాయం కాదు. మాట తప్పుగా పడిందేమోనని కళ్లు తెర మీదికే పోతాయి. ద్విచక్ర వాహనం మీదైతే హెల్మెట్‌లో ఫోన్ దోపుకోవద్దు. జారితే పట్టుకోవడానికి చెయ్యి హ్యాండిల్ వదిలేస్తుంది.

తప్పనిసరిగా జవాబివ్వాల్సి వస్తే పక్కన ఉన్నవాళ్ల చేత పంపించండి. ఒంటరిగా ఉంటే పార్కింగ్ చోటో పెట్రోలు బంకో వచ్చేదాకా ఆగండి. హైవే అంచున మాత్రం ఆపొద్దు, వెనక నుంచి వచ్చే లారీకి మీరు ఆగి ఉన్నట్టు చివరిదాకా తెలియకపోవచ్చు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపాకే ఫోన్ తీయండి.