లాబ్‌స్టర్ రోల్: ఏ తీరంలో ఏ తీరు, ఎక్కడ తినాలి

లాబ్‌స్టర్ రోల్ చూడడానికి చాలా సాదా వంటకం. ఉడికించి వలిచిన లాబ్‌స్టర్ (పెంకున్న పెద్ద సముద్రపు రొయ్య లాంటి జీవి) మాంసం, దానికి తోడుగా వెన్నో మయొనీజో, పట్టుకోవడానికి ఒక బన్ను. అంతకుమించి అందులో ఏమీ ఉండదు. అందుకే అమెరికా ఈశాన్య తీరం వెంట కనెక్టికట్ నుంచి మెయిన్ రాష్ట్రం దాకా, ఆపైన కెనడా అట్లాంటిక్ ప్రావిన్సుల దాకా వెళ్ళే కొద్దీ ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా నాలుకకు వెంటనే తెలిసిపోతుంది. మొదటిసారి వెళ్ళేవారు చాలామంది పేరున్న దుకాణం ఒకటి వెతుక్కుని, బోర్డు మీద మొదట కనిపించిన రోల్ అడిగి, తాము ఆశించినది వేడి వెన్నతో తడిసినదని, చేతికి వచ్చినది చల్లని మయొనీజ్‌తో కలిపినదని మొదటి ముద్దలో గాని తెలుసుకోరు. కాబట్టి దుకాణం కన్నా ముందు తీరును ఎంచుకోవాలి.

తీరును ఎంచుకోవాలంటే మాంసం గురించి కొంత తెలిసి ఉండాలి. ఈ రోల్‌కు వాడేది ఉత్తర అట్లాంటిక్ చల్లని నీళ్ళలో పెరిగే, పీతకున్నట్టు ముందు రెండు పెద్ద డెక్కలున్న లాబ్‌స్టర్. దాని తోక మాంసం కాస్త బిరుసుగా ఉండి నమలడానికి పని పెడుతుంది. డెక్కల్లోని మాంసం మెత్తగా ఉంటుంది. డెక్కకూ ఒంటికీ మధ్య కణుపుల్లో ఇమిడి ఉండే చిన్న ముక్కలు, నన్ను అడిగితే, అన్నిటికన్నా తియ్యనివి. చాలా దుకాణాలు డెక్కల, కణుపుల మాంసంతోనే రోల్ నింపుతాయి కాబట్టి తోక ముక్కలు కనిపించలేదని నొచ్చుకోనక్కరలేదు. గట్టి పెంకుతో ఒకటింబావు పౌండు తూగే లాబ్‌స్టర్‌ను వలిస్తే నాలుగైదు ఔన్సుల మాంసం మాత్రమే వస్తుంది. అంటే ఒక మంచి రోల్‌కు దాదాపు ఒక లాబ్‌స్టర్ పూర్తిగా ఖర్చవుతుంది. పేరున్న చోట్ల ధర 30 డాలర్లు దాటడానికీ, కొన్ని బోర్డుల మీద అంకెకు బదులు ‘మార్కెట్ ధర’ అని రాసి ఉండడానికీ ఇదే కారణం.

వేసవిలో లాబ్‌స్టర్లు పాత పెంకు విడిచి కొత్తది వేసుకుంటాయి. ఆ కొత్త పెంకు గట్టిపడేలోగా బోన్లలో పడినవాటిని మెయిన్ జాలర్లు ‘షెడ్డర్లు’ అంటారు. వాటిలో మాంసం తక్కువగా, నీరు ఎక్కువగా ఉన్నా, లేతదనమూ తీపీ గట్టి పెంకువాటికి రావు. పెంకు మెత్తగా ఉండడం వల్ల అవి దూర ప్రయాణానికి తట్టుకోలేవు కనుక వాటిని తీరంలోనే తినాలి. జులై నుంచి అక్టోబరు లోపల మెయిన్‌కు వెళ్తున్నవారు, ఈ రోజు మాంసం షెడ్డర్లదా, గట్టి పెంకువాటిదా అని అడిగి తెలుసుకుంటే మంచిది.

ఇక తీర్ల విషయానికి వస్తే, దక్షిణం నుంచి మొదలుపెట్టడమే మేలని నా నమ్మకం. కనెక్టికట్‌లో రోల్ వేడిగా ఉంటుంది. వలిచిన మాంసాన్ని కరిగించిన వెన్నలో వెచ్చజేసి, మయొనీజ్ గాని, సెలెరీ అనే కరకరలాడే కాడల కూర గాని కలపకుండా బన్నులో నింపి ఇస్తారు. ఈ వేడి రోల్ 1920ల చివర మిల్‌ఫర్డ్ ఊరిలోని పెర్రీస్ అనే భోజనశాలలో పుట్టిందని చెబుతారు. ఆ భోజనశాల ఇప్పుడు లేదు గాని, దాని పద్ధతి రాష్ట్రమంతటా నిలిచిపోయింది. దీన్ని తినడానికి నోవాంక్ అనే చిన్న రేవు ఊరికి వెళ్ళవచ్చు. అక్కడ 1947 నుంచి నడుస్తున్న ఆబట్స్ లాబ్‌స్టర్ ఇన్ ద రఫ్‌లో నీటి ఒడ్డున బల్లల మీద కూర్చోబెట్టి, గుండ్రటి బన్నులో పావు పౌండు మాంసం వెన్నతో పెట్టి ఇస్తారు. క్లింటన్‌లోని లాబ్‌స్టర్ లాండింగ్‌లో గుండ్రటి బన్నుకు బదులు కాల్చిన పొడవాటి ఇటాలియన్ రొట్టె వాడతారు. పైన నిమ్మరసం పిండుతారు. వెన్నను పీల్చుకుని కూడా ఆ రొట్టె తన గట్టిదనం వదలదు.

ఈ వేడి రోల్‌కు ఆగే ఓపిక లేదు. నేను ఒకసారి అలాంటి రోల్ కాగితంలో చుట్టించుకుని, దారిలో మంచి చోటు చూసి తిందామని కారులో నలభై నిమిషాలు తీసుకువెళ్ళాను. విప్పి చూస్తే వెన్న చల్లబడి మాంసం మీద తెల్లగా పేరుకుపోయింది, బన్ను అడుగు తడిసి చేతిలోనే రెండుగా ఊడిపోయింది. పొట్లం కట్టించుకుని వెళ్ళవలసిన అవసరం ఉంటే చల్లని రోల్ అడగాలి. వేడిదాన్ని దుకాణం కిటికీ దగ్గర అందుకున్న అయిదు నిమిషాల్లో తినేయాలి.

ఉత్తరాన మెయిన్‌లో మామూలుగా దొరికేది చల్లని రోల్. మాంసాన్ని చల్లార్చి, చాలా తక్కువ మయొనీజ్ పట్టించి, వెన్నతో కాల్చిన బన్నులో పెడతారు. ఇక్కడ బన్నుకున్న ప్రాముఖ్యం బయటివారికి ఒక పట్టాన తెలియదు. న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాల) బన్నుకు చీలిక పక్కన కాకుండా పైన ఉంటుంది, రెండు పక్కలా గట్టి పైపొర లేకుండా తెల్లని మెత్తటి భాగం బయటికి కనిపిస్తుంది. రద్దీ లేని వేళ కిటికీ దగ్గర నిలబడి పనివారిని గమనించండి. బన్నును రెండు పక్కలా వెన్న రాసి పెనం మీద ఒక పక్కకు పడుకోబెడతారు, అంచు బంగారు రంగుకు తిరిగేదాకా కదపరు, తర్వాత రెండో పక్కకు తిప్పుతారు. బయట కరకరలాడుతూ, లోపల దూదిలా ఉన్న ఆ వేడి బన్నులోకి చల్లని మాంసం పడినప్పుడు మొదటి ముద్దలో వేడీ చల్లనా రెండూ ఒకేసారి తగులుతాయి. నా దృష్టిలో మెయిన్ రోల్ గొప్పదనమంతా ఆ ఒక్క క్షణంలోనే ఉంది. బన్ను కాల్చకుండా ఇచ్చే చోట ఎంత మంచి మాంసం పెట్టినా అది దక్కదు.

మెయిన్‌లో మొదటగా ఆగవలసిన చోటు కెన్నెబంక్ నది వంతెన పక్కనున్న క్లామ్ షాక్ అనే చిన్న దుకాణం. వారు గుండ్రటి బన్ను వాడతారు, వెన్న కావాలా, మయొనీజ్ కావాలా, రెండూ కావాలా అని అడుగుతారు. రెండు తీర్లలో తమకు ఏది నచ్చుతుందో ఇంకా తేలనివారు రెండూ అనడం మంచిది. పోర్ట్‌లండ్ నగరానికి దగ్గరలో, కేప్ ఎలిజబెత్‌లోని ఫోర్ట్ విలియమ్స్ పార్కులో బైట్ ఇంటు మెయిన్ అనే ఫుడ్ ట్రక్కు ఉంటుంది. 1791లో వెలిగిన పోర్ట్‌లండ్ హెడ్ దీపస్తంభం కూడా ఆ పార్కులోనే ఉంది. ఆ ట్రక్కులో మెయిన్ తీరు, కనెక్టికట్ తీరు పక్కపక్కనే దొరుకుతాయి కనుక ఇద్దరు కలిసి వెళ్ళి చెరొకటి తీసుకుని పంచుకుంటే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. పోర్ట్‌లండ్ నగరంలోని ఈవెంటైడ్ ఆయిస్టర్ కంపెనీ ఆవిరి మీద ఉడికిన మెత్తని బన్నులో, ఎర్రగా కాచిన వెన్నతో రోల్ ఇస్తుంది. అది రెండు సంప్రదాయాలకూ చెందనిది, అయినా రుచి చూడదగినది.

ఒకటో నంబరు రహదారి వెంట ఇంకా పైకి వెళ్తే విస్కాసెట్‌లో వంతెన మొదట్లో రెడ్స్ ఈట్స్ కనిపిస్తుంది. వారు మాంసాన్ని దేనితోనూ కలపరు. ఒక లాబ్‌స్టర్‌కు మించిన మాంసాన్ని పెద్ద ముక్కలుగానే బన్ను మీద గుట్టగా పోసి, వెన్నను గాని మయొనీజ్‌ను గాని విడిగా ఇస్తారు. మాంసం అసలు రుచి తెలియాలంటే ఇది మంచి మార్గమే గాని, వేసవిలో అక్కడి వరుస చాలా పొడవుగా ఉంటుంది. అంతసేపు నిలబడలేనివారు రోడ్డుకు అవతల ఉన్న స్ప్రేగ్స్‌కు నిస్సంకోచంగా వెళ్ళవచ్చు. రద్దీకి దూరంగా, పడవల మధ్య తినాలనుకుంటే స్ప్రూస్ హెడ్ ద్వీపంలోని మెక్‌లూన్స్ లాబ్‌స్టర్ షాక్‌ను మించిన చోటు నాకు తోచదు.

మాసచూసెట్స్‌లో రెండు తీర్లూ కలిసే ఉంటాయి. బోస్టన్ నార్త్ ఎండ్‌లోని నెప్ట్యూన్ ఆయిస్టర్ అనే చిన్న భోజనశాలలో వేడి వెన్నతోనా, చల్లని మయొనీజ్‌తోనా అని అడిగి మరీ ఇస్తారు. న్యూయార్క్ లాంగ్ ఐలండ్ తూర్పు కొసలో సెలెరీ, మయొనీజ్ బాగా కలిపిన సలాడ్ తీరు నడుస్తుంది. 1965 నుంచి నాపీగ్ దగ్గర హైవే పక్కన ఉన్న ‘లంచ్’ అనే చోటు దానికి పేరు పొందింది. కరకరలాడేది ఏదైనా పంటి కింద పడాలనుకునేవారికి అది నచ్చుతుంది. నాకు మాత్రం సెలెరీ వాసన లాబ్‌స్టర్ తీపిని మింగేస్తుందనిపిస్తుంది.

కెనడాలో రోల్ సాధారణంగా చల్లనిది, మయొనీజ్‌తో కలిపినది. అక్కడ చూసుకోవలసింది కాలం. నోవా స్కోషియా నైరుతి తీరంలో వేట నవంబరు చివరి సోమవారం మొదలై మే నెలాఖరు దాకా సాగుతుంది. ఆ చల్లని నీళ్ళలో దొరికేవి గట్టి పెంకుతో, నిండు మాంసంతో ఉంటాయి. ఫిబ్రవరిలో సౌత్ షోర్ ప్రాంతపు భోజనశాలలు లాబ్‌స్టర్ క్రాల్ పేరిట నెలంతా రకరకాల రోల్స్ పెడతాయి. ఫండీ అఖాతం ఒడ్డున హాల్స్ హార్బర్ లాబ్‌స్టర్ పౌండ్ ఉంది (ఇక్కడ ‘పౌండ్’ అంటే తూకం కాదు, లాబ్‌స్టర్లను ప్రాణంతో నిల్వ ఉంచే చోటు). న్యూ బ్రన్స్‌విక్‌లోని షెడియాక్ ఊరి ముంగిట దాదాపు 11 మీటర్ల పొడవున్న లాబ్‌స్టర్ శిల్పం నిలబడి ఉంటుంది. ఆ చుట్టుపక్కల వేసవిలో రోల్ దొరకని వీధి అరుదు.

ఆర్డరు చెప్పే ముందు మూడు విషయాలు అడగండి. మాంసం అక్కడే వలిచినదా లేక నిల్వ ఉంచినదా, ఎన్ని ఔన్సులు, బన్ను వెన్నతో కాలుస్తారా. మయొనీజ్‌ను విడిగా ఇవ్వమంటే ఎక్కువ చోట్ల కాదనరు. లెట్యూస్ ఆకు వద్దనుకుంటే ముందే చెప్పాలి. కొన్ని చిన్న దుకాణాల్లో నగదు మాత్రమే తీసుకుంటారు కాబట్టి జేబులో డాలర్లు ఉంచుకోవడం మంచిది. తీరం వెంట ఉన్నవాటిలో చాలావరకు మే నుంచి అక్టోబరు మధ్య వరకే తెరిచి ఉంటాయి. చలికాలంలో వెళ్ళేవారు బోస్టన్, పోర్ట్‌లండ్ వంటి నగరాల భోజనశాలలనే చూసుకోవాలి. వేసవిలోనైతే ఉదయం పదకొండు గంటలకు, తలుపు తీసే వేళకే చేరుకోవాలి, ఎందుకంటే ఆ రోజు వలిచిన మాంసం అయిపోతే కొన్ని చోట్ల కిటికీ మూసేస్తారు.