ప్రీమియం సెడాన్ ముందు, వెనక బంపర్లు విప్పడం ఎలా?

విశాఖలో చాలా వీధులు కొండవాలు మీదే ఉంటాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపులూ చాలాచోట్ల నిటారే. నేలకు దగ్గరగా ఉండే సెడాన్ అలాంటి ర్యాంపు దిగుతుంటే ముందు బంపర్ కింది అంచు గీసుకుంటుంది, కొన్నాళ్లకు క్లిప్పులు ఊడి ఓ మూల వేలాడుతుంది. దాన్ని విప్పడానికి షెడ్డుకే పోవాలని లేదు. సరైన బిట్లు, పక్కన ఇంకో మనిషి, ఓ పూట తీరిక ఉంటే చాలు. బలం మాత్రం అక్కర్లేదు. బంపర్ కదలడం లేదంటే ఎక్కడో ఓ స్క్రూ ఇంకా మిగిలి ఉందనే అర్థం. లాగకండి, వెతకండి.

ఒకవేళ బండి గుద్దుకుని, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసే ఆలోచన ఉంటే సర్వేయర్ చూసేదాకా ఏదీ ముట్టుకోవద్దు. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు తరుగుదల కింద 50 శాతం కోసేస్తారు. జీరో డెప్ అనే అదనపు కవర్ తీసుకుని ఉంటే ఆ కోత ఉండదు. ఆ లెక్క తేలాకే పానా పట్టండి.

విప్పే ముందు

ప్రీమియం సెడాన్లలో, ముఖ్యంగా జర్మన్ వాటిలో, ఎక్కువగా కనిపించేవి తలలో నక్షత్రం ఆకారపు గాడి ఉండే స్టార్ స్క్రూలు. వాటి సైజులు టి-20, టి-25, టి-30. వాటితోపాటు 8, 10 నంబర్ సాకెట్లు, చిన్న రాట్చెట్, క్లిప్పులు పీకే ప్లాస్టిక్ పనిముట్టు, మాస్కింగ్ టేపు, పాత దుప్పటి దగ్గర పెట్టుకోండి. మీ మోడల్‌కు సరిపడే క్లిప్పులు కొన్ని ముందే కొనండి. ఎండకు పెళుసెక్కిన పాత క్లిప్పు పీకగానే విరుగుతుంది, అది మీ తప్పు కాదు.

బీచ్ రోడ్డు వైపో రుషికొండ వైపో ఉండే బండ్లకు తుప్పు అదనపు తలనొప్పి. ఉప్పుగాలికి కింది స్క్రూలు బిగుసుకుపోతాయి, తలలోని గాడిలో ఇసుక గట్టిపడుతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పొద్దున సూదితో గాడి శుభ్రం చేసి, బిట్ పూర్తిగా లోపలికి దిగిందని చూసుకున్నాకే తిప్పండి. గాడి ఒక్కసారి అరిగిందంటే పావుగంట పని పూటంతా పడుతుంది.

బండి సమతలంగా ఉన్న చోట ఆపండి, వాలు మీద వద్దు. కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టండి.

ముందు బంపర్

మొదట చక్రాల దగ్గర మొదలుపెట్టండి. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పితే కుడి చక్రం ముందు చెయ్యి పట్టే సందు వస్తుంది, కుడికి తిప్పితే ఎడమవైపు వస్తుంది. చక్రం పైనున్న నల్లటి ప్లాస్టిక్ లైనర్‌ను బంపర్‌తో కలిపే స్క్రూలు రెండు వైపులా తీయండి. లైనర్‌ను కాస్త వెనక్కి మడిచి లోపలికి టార్చి వేయండి. బంపర్ మూల ఫెండర్‌ను, అంటే చక్రం మీది రేకును కలిసే చోట, చాలా మోడళ్లలో కింది నుంచి పైకి బిగించిన స్క్రూ ఒకటి దాక్కుని ఉంటుంది. కొత్తవాళ్లు మర్చిపోయేది దీన్నే. ఫెండర్ దగ్గరి కొక్కేలు విరిగేదీ దీనివల్లే.

ఇప్పుడు ఇగ్నిషన్ ఆపి, తాళం దూరంగా పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగండి. చాలా జర్మన్ సెడాన్లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. తీగ తీశాక డిక్కీ మూసేస్తే కరెంటు లేక బటన్‌తో మళ్లీ తెరుచుకోదు, జాగ్రత్త. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌కు చెందినవి, వాటి జోలికి పోవద్దు.

బానెట్ ఎత్తి పైవరుస స్క్రూలు, క్లిప్పులు తీయండి. తర్వాత కింద ఇంజిన్ అడుగు కవర్‌ను కలిపే వరుస. ఫెండర్ అంచుకూ హెడ్‌లైట్ కిందికీ టేపు అంటించాక, ఇద్దరూ చెరోవైపు నిలబడి చక్రం దగ్గరి మూలను పక్కకు, అంటే మీవైపుకు లాగండి. ముందుకు కాదు. క్లిప్పులు ఒక్కొక్కటే టక్కుమని వదులుతాయి. రెండు మూలలూ వచ్చాక బంపర్‌ను జానెడు ముందుకు జరిపి ఆపండి, వెనక తీగలుంటాయి. ఫాగ్ ల్యాంపులు, పార్కింగ్ సెన్సర్లు, కెమెరా ఉంటే దాని కనెక్టర్ల నొక్కు వదిలించి తీయండి, ప్రతిదానికీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. హెడ్‌లైట్ కడిగే గొట్టం ఉంటే నీళ్లు కారతాయి, కింద గిన్నె పెట్టండి. కొన్ని కొత్త మోడళ్లలో నురుగు దిమ్మ వెంట సన్నటి గొట్టం పోతుంది. పాదచారి తగిలితే పసిగట్టేది అదే, నలగనివ్వద్దు. ముందున్న బండి దూరం కొలిచే రాడార్ ఉంటే దాని బ్రాకెట్ బోల్టు కదిలించకండి.

వెనక బంపర్

ఇది తేలికే. చాలా మోడళ్లలో వెనక లైట్లు తీస్తే వాటి కింద స్క్రూలు కనిపిస్తాయి. కొన్నింటిలో డిక్కీ లోపలి కార్పెట్ తొలగిస్తే నట్లు దొరుకుతాయి. చక్రాల దగ్గర, కింది అంచున మిగతావి. ఇక్కడా మూలలు పక్కకు లాగాకే వెనక్కి. సెన్సర్ల తీగ, కాలు ఊపితే డిక్కీ తెరిచే సెన్సర్ ఉంటే దాని తీగ, కొన్నింటిలో నంబర్ ప్లేట్ లైటు కూడా వేరుచేయాలి.

బంపర్ వచ్చాక లోపలున్న కమ్మీ చూడండి. అది వంగి ఉంటే సుత్తితో సరిచేయించకుండా మార్పించండి, దెబ్బ ఆపేది ఆ కమ్మీయే, పైనున్న ప్లాస్టిక్ కాదు. ప్లాస్టిక్ పగిలి ఉంటే లోపలివైపు అచ్చువేసిన అక్షరాలు వెతకండి. పీపీ, ఈపీడీఎం లాంటి ఆ గుర్తులు ప్లాస్టిక్ రకాన్ని చెబుతాయి, వాటిని బట్టే అతికేవాళ్లు కరిగించి అతికే సరిపడే ప్లాస్టిక్ కడ్డీ ఎంచుకుంటారు. రంగు వేయించేటప్పుడు రాడార్ ముందుభాగం మీద మందంగా పూతలు పడకూడదని పెయింటర్‌కు ముందే చెప్పండి.

తిరిగి బిగించడం

ముందు తీగలన్నీ తగిలించి, ఆపైనే మూలల కొక్కేలు కూర్చోబెట్టండి. స్క్రూలన్నీ చేత్తో రెండు మూడు చుట్లు పట్టించి, బానెట్ వేసి, హెడ్‌లైట్ పక్కన సందు రెండువైపులా సమానంగా ఉందని చూశాకే బిగించండి. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూ గట్టిగా పట్టిందంటే చాలు, ఇంకో చుట్టు వద్దు. బ్యాటరీ తగిలించి లైట్లు, సెన్సర్లు పరీక్షించండి. మీటర్‌లో రాడార్ హెచ్చరిక వెలిగి ఆరకపోతే, క్రూయిజ్ కంట్రోల్, ఆటోమేటిక్ బ్రేక్ మీద ఆధారపడకుండా స్కానర్ ఉన్న వర్క్‌షాప్‌లో క్యాలిబ్రేషన్, అంటే రాడార్ గురి సరిచూడడం చేయించండి.