ఓటీలో నాలుగు కెమెరాలు: భంగిమల డేటాసెట్ రికార్డు చేసే పద్ధతి

ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో మనుషుల భంగిమలను గుర్తించడం కంప్యూటర్‌కు నేర్పే వీడియోలను ఇలా రికార్డు చేయండి. ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగితో పాటు ఓటీ సిబ్బంది అందరి సంతకాలు ఉండాలి. సమ్మతి పత్రం తెలుగులోనే ఇవ్వండి. అనుమతి వచ్చేలోగా ఖాళీ థియేటర్లో ఉత్తుత్తి సర్జరీతో మొదలుపెట్టవచ్చు. ఫోర్‌డీ-ఓఆర్ డేటాసెట్ అలా నటించిన మోకీలు మార్పిడి ఆపరేషన్లతో, 6 కెమెరాలతో తయారైందే. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో నిజమైన చికిత్సల మధ్య తీసిన ఎంవీఓఆర్ డేటాసెట్‌లో 3 కెమెరాలు, 732 బహుకోణ ఫ్రేములు ఉన్నాయి.

చిన్న గదికి నాలుగు చాలు. సీలింగుకు దగ్గరగా, నాలుగు మూలల్లో, టేబుల్ వైపు వంచి బిగించండి. ఓటీ లైటు చెయ్యి ఎంతవరకు తిరుగుతుందో ముందు తిప్పి చూడండి. అది కెమెరాకు తగిలిందా, కాలిబ్రేషన్ (కెమెరాల లెన్సు, స్థానాల లెక్క) పోయినట్టే.

ఆ లెక్కకు వాడే చెకర్‌బోర్డును (నలుపు తెలుపు గడుల బోర్డును) ఫ్లెక్స్ మీద ప్రింటు చేయించి అట్టకు అంటించడం అందరూ చేసే పొరపాటు. విశాఖ ఉక్కకు అట్ట వంగుతుంది, ఆ వంపు లెన్సు వంపుగా లెక్కలోకి దూరుతుంది. ఏసీపీ (అల్యూమినియం పొరలున్న గట్టి) షీటు మీద అంటించి, గడి కొలత స్కేలుతో మీరే చూసుకోండి. ప్రింటరు 30 మి.మీ. గడిని 29.6 చేసిందంటే 3డీ కొలతలన్నీ ఆ మేరకు తప్పుతాయి. ఒక్కో కెమెరాకు 30 నుంచి 40 ఫోటోలు తీయండి. ఫ్రేము అంచుల్లోనూ బోర్డు కనిపించాలి. బోర్డు మూలలు లెక్క ప్రకారం పడాల్సిన చోటికీ ఫోటోలో కనిపించిన చోటికీ సగటు తేడా అర పిక్సెల్ దాటితే మళ్లీ తీయండి. తర్వాత బోర్డును టేబుల్ మీద పెట్టి కెమెరాల పరస్పర స్థానాలు తేల్చండి. రోజూ పొద్దున్నే టైల్స్ మూలలను ప్రొజెక్ట్ చేసి, అంటే చిత్రంలో అవి ఎక్కడ పడాలో లెక్కకట్టి, సరిపోయాయో లేదో చూడండి. ముందురోజు తుడిచేటప్పుడు కెమెరా కదిలితే అక్కడే బయటపడుతుంది.

టైమింగుకు వైఫై గడియారాన్ని నమ్మకండి, అన్ని కెమెరాలనూ ఒకే క్షణంలో తీయించే ట్రిగ్గర్ కేబుల్ వేయండి. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కోటి 33 మిల్లీసెకన్లు. సెకనుకు 1.5 మీటర్ల వేగంతో కదిలే చెయ్యి ఆ ఒక్క ఫ్రేములోనే 5 సెం.మీ. జరిగిపోతుంది, కెమెరాల మధ్య అంత తేడా ఉంటే మణికట్టు 3డీలో గాల్లో తేలుతుంది. ఎక్స్‌పోజర్ ఆటోలో వదలకండి. ఓటీ లైటు వెలగగానే మిగతా గది చీకటైపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 10 లేదా 20 మిల్లీసెకన్లకు లాక్ చేస్తే మిణుకు రాదు.

ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటకు తేకండి. చల్లని లెన్సు మీద తేమ పడుతుంది. ముందే జిప్ కవర్లో పెట్టి, బయటి వేడికి వచ్చాకే తెరవండి.

లేబులింగుకు (చిత్రాల్లో శరీర బిందువులు గుర్తించడానికి) ఎంవీఓఆర్ లాగే నడుము పైభాగం 10 బిందువులు తీసుకోండి: తల, మెడ, రెండేసి భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంట్లు. కాళ్లు ఎలాగూ టేబుల్, డ్రేపుల (రోగిపై కప్పే గుడ్డల) వెనకే. దాగిన బిందువును ఊహించి పెడితే 'కనిపించనిది' అని గుర్తు తప్పనిసరి. అందరిదీ అదే గౌను, మాస్కు కాబట్టి బట్టల రంగుతో మనిషిని పోల్చడం కుదరదు. ఒక్కో మనిషికి ఇచ్చే నంబరులో, స్క్రబ్ నర్సుకు ఒక కెమెరాలో 2, ఇంకోదాంట్లో 3 పడితే ట్రయాంగ్యులేషన్ (వేర్వేరు కోణాల చిత్రాల నుంచి 3డీ స్థానం లెక్కించడం) ఇద్దరినీ కలిపి మధ్యలో మూడో మనిషిని పుట్టిస్తుంది. లెక్కించిన 3డీ బిందువును తిరిగి ప్రతి చిత్రంలోకి ప్రొజెక్ట్ చేసి, 10 పిక్సెల్స్ దాటి తప్పిన వాటిని చేత్తో దిద్దండి.

కంప్యూటర్‌కు నేర్పే (ట్రైనింగ్), పరీక్షించే (టెస్టు) డేటా విభజన ఫ్రేముల వారీగా చేయకండి. పక్కపక్క ఫ్రేములు దాదాపు ఒకటే కనుక పరీక్షలో మార్కులు ఊరికే పెరుగుతాయి. రోజుల వారీగా విడదీయండి, ముఖాలు మసక చేశాకే ఫైళ్లు ల్యాబ్ దాటాలి.